ఏ దారికి ఏ గేరు



నిజామ్‌సాగర్ పెద్దకాలువ కట్ట పట్టుకుని సైకిల్ మీద పోయినవాళ్లకు ఒక సంగతి తెలిసే ఉంటుంది. ఎంతసేపు తొక్కినా ఎత్తు ఎక్కే పని పడదు. ఎదురుగా గుట్ట వస్తే కాలువ దాన్ని చుట్టి పోతుంది. మంజీర మీద ఆ ప్రాజెక్టును 1923లో మొదలుపెట్టి 1931లో పూర్తిచేసిన ఇంజనీర్లు, వాళ్లకు పెద్దదిక్కుగా ఉన్న నవాబ్ అలీ నవాజ్ జంగ్ బహదూర్, నీళ్లు తమంతట తామే పారేటట్టు కాలువకు కంటికి ఆననంత వాలు ఇచ్చారు. నీళ్ల కోసం లెక్కగట్టిన ఆ వాలు సైకిల్‌కు కూడా కలిసొచ్చింది. వర్ని, రుద్రూర్, కోటగిరి, బోధన్, ఎడపల్లి పల్లెల మధ్య ఒంటిగేరు సైకిళ్ల మీద పాలక్యాన్లు, గడ్డిమోపులు, యూరియా బస్తాలు ఇన్ని దశాబ్దాలు తిరిగాయంటే మనుషుల రెక్కల కష్టంతోపాటు నేల సాపుగా ఉండడం కూడా కారణమే.

అదే సైకిల్‌ను నిజామాబాద్ నుంచి తూర్పుకు తిప్పండి. డిచ్‌పల్లి వైపు రోడ్డు ఎక్కుతూ దిగుతూ పోతుంది. ఆర్మూర్ దగ్గర నవనాథ సిద్ధుల గుట్ట నల్లబండలు కనబడేసరికి నేల తీరే మారిపోతుంది. ఇంకా ఉత్తరానికి పోయి, పోచంపాడు పక్కగా గోదావరి దాటి, నిర్మల్ అవతల మహబూబ్ ఘాట్ మొదలుపెడితే, వెనక క్యారియర్ మీద బట్టలు, గుడారం, నీళ్లు, వంటసామాను పెట్టుకున్న మనిషి ఒంటిగేరుతో కూర్చుని తొక్కలేడు. దిగి నెట్టాల్సిందే. రెండు మూడు రోజుల ప్రయాణంలోనే ఒకే సైకిల్‌కు ఇన్ని రకాల నేల తగులుతుంది.

సైకిల్ యాత్ర మీద మనసుపడ్డ కుర్రాళ్లు ఈమధ్య ఎక్కువయ్యారు. వాళ్లు మొదట అడిగేది ఒకటే ప్రశ్న: ఎన్ని గేర్ల సైకిల్ కొనాలి? దుకాణంలో 21 గేర్లు అని స్టిక్కర్ ఉంటే అదే మంచిదనుకుంటారు. నేను వాళ్లను రెండు మాటలు అడుగుతాను. సామానుతో మీరు ఎక్కాల్సిన అన్నిటికన్నా కఠినమైన ఎత్తు ఏది? దారిలో ఆ గేరు చెడితే దాన్ని బాగుచేసేది ఎవరు? ఈ రెండింటికీ జవాబు దొరికితే గేరు ఎంపిక సగం పూర్తయినట్టే. ఈ రోజు నా ప్రసంగం ముఖ్యంగా ఒక రకం గేరు గురించి. చైను పక్కన వేలాడకుండా, వెనక చక్రం హబ్బు లోపలే దాగి ఉండే గేరు. దాన్ని హబ్బు గేరు అంటారు. మన చెరుకు, వరి నేలల్లో తిరిగే యాత్రికుడికి ఇది చాలా మేలైనదని నా నమ్మకం. ఎందుకో చెబుతాను.

ముందు గేరు అంటే ఏమిటో ఒక కొలతలో పెట్టుకుందాం. పెడలు ఒక పూర్తి చుట్టు తిప్పితే సైకిల్ ఎన్ని మీటర్లు ముందుకు పోతుంది? అంతే లెక్క. మన పెద్ద సైకిల్‌కు, అంటే 28 అంగుళాల నల్లసైకిల్‌కు, చక్రం చుట్టుకొలత దాదాపు 2.2 మీటర్లు. పెడళ్ల దగ్గర 44 పళ్ళ చక్రం, వెనక 18 పళ్ళ ఫ్రీవీల్ ఉన్నాయనుకోండి. 44ను 18తో భాగించి 2.2తో గుణిస్తే 5.4 మీటర్లు వస్తుంది. నిమిషానికి 60 చుట్లు తొక్కితే గంటకు 19 కిలోమీటర్ల పైచిలుకు వేగం. సాపు రోడ్డు మీద, ఖాళీ సైకిల్ మీద, గాలి ఎదురు లేనప్పుడు ఇది హాయిగా ఉంటుంది. సామాను వేసి ఘాట్ ఎక్కాలంటే మాత్రం ఈ 5.4ను రెండు మీటర్ల దాకా దించుకోవాలి. అప్పుడు వేగం గంటకు ఏడెనిమిది కిలోమీటర్లే ఉంటుంది. అయినా మోకాలు నొప్పిపెట్టదు, ఊపిరి అందుతుంది, మనిషి సీటు మీదనుంచి లేవడు.

ఎత్తు ఒక్కటే కాదు, గాలి సంగతి కూడా చూడాలి. వానకాలంలో గాలి పడమటి దిక్కునుంచి వీస్తుంది. బోధన్ నిజామాబాద్‌కు పడమట ఉంది. జులైలో నిజామాబాద్ నుంచి బోధన్‌కు పోయేవాళ్లకు ఆ సాపు రోడ్డే చిన్న ఘాట్ అవుతుంది. చుట్టూ వరినాట్లు, ఆపడానికి ఒక్క గుట్ట ఉండదు, గాలి నేరుగా ఛాతీకి తగులుతుంది. అటువంటప్పుడు ఒక మెట్టు చిన్న గేరు ఉంటే ప్రయాణం కష్టం అనిపించదు. తిరుగు ప్రయాణంలో అదే గాలి వీపున ఉంటుంది, అప్పుడు పెద్ద గేరు కావాలి.

ఇప్పుడు హబ్బు గేరు చరిత్ర కొంచెం. ఇంగ్లండులోని నాటింగ్‌హామ్‌లో రాలీ సైకిల్ కంపెనీ యజమాని ఫ్రాంక్ బౌడెన్ 1902లో మూడు గేర్ల హబ్బు తయారీకి పూనుకున్నాడు. హెన్రీ స్టర్మీ అనే పత్రికా సంపాదకుడు, జేమ్స్ ఆర్చర్ అనే ఇంజనీరు పేర్లు కలిపి దానికి స్టర్మీ ఆర్చర్ అని పేరు పడింది. డిజైనులో విలియం రైలీ అనే మరో ఇంజనీరు చేయి ఎంతో ఉంది. ఆయన పేరు మాత్రం హబ్బు మీదికి ఎక్కలేదు. ఆ పరంపరలో 1930ల చివరి సంవత్సరాల్లో వచ్చిన ఏ.డబ్ల్యూ. అనే మూడు గేర్ల హబ్బు ప్రపంచమంతా పాకింది. మన బోధన్ శక్కర్‌నగర్‌లో నిజాం చక్కెర ఫ్యాక్టరీ లేచిందీ దాదాపు అదే రోజుల్లో. ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదని పేరుపొందిన ఆ ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతపడింది. నాటింగ్‌హామ్ హబ్బు ఫ్యాక్టరీ 2000లో మూతపడింది. కానీ దాన్ని తైవాన్‌కు చెందిన సన్‌రేస్ కంపెనీ కొనుక్కుంది. మూడు గేర్ల హబ్బులు ఇప్పటికీ తైవాన్‌లో తయారవుతున్నాయి. శక్కర్‌నగర్‌కు కూడా అటువంటి రెండో పుట్టుక రావాలని కోరుకునేవాళ్లలో నేనూ ఒకణ్ణి.

ఆ హబ్బు లోపల ఏముందో ఊహించుకోండి. నడిమధ్య ఇరుసుకు బిగించిన చిన్న పళ్ళచక్రం. అది తిరగదు. దాన్ని సూర్యచక్రం అనుకుందాం. దానికి పళ్ళు కలుపుకుని నాలుగు చిన్న గ్రహచక్రాలు. గానుగ చుట్టూ ఎడ్లు తిరిగినట్టు అవి సూర్యచక్రం చుట్టూ తిరుగుతాయి. ఆ నాలుగింటినీ పట్టి ఉంచే చట్రం ఒకటి. వాటన్నిటికీ బయట, లోపలివైపు పళ్ళున్న వలయం. ఏ.డబ్ల్యూ. హబ్బులో సూర్యచక్రానికి 20 పళ్ళు, వలయానికి 60. చైను తెచ్చిన బలాన్ని చట్రానికి అందిస్తే, చట్రం మూడు చుట్లు తిరిగే లోపల వలయం నాలుగు చుట్లు తిరుగుతుంది. ఆ వలయంతో చక్రాన్ని తిప్పితే అది వేగం గేరు. బలాన్ని వలయానికి ఇచ్చి చట్రం నుంచి తీసుకుంటే లెక్క తిరగబడుతుంది. వలయం నాలుగు చుట్లు తిరిగితే చక్రం మూడే తిరుగుతుంది. ఇది ఎత్తు గేరు. ఈ మధ్యవర్తులేమీ లేకుండా నేరుగా పోతే ఒకటికి ఒకటి. ఒక చిన్న గొలుసు ఇరుసు లోపలికి పోయి, లోపలి క్లచ్చును అటూ ఇటూ జరుపుతుంది. అంతే. వందేళ్లు దాటినా ఆ అమరికను చూస్తే నాకు ముచ్చటగానే ఉంటుంది. ఇనుప పళ్ళతో ఇంత పొదుపుగా లెక్క చేసిన యంత్రాలు సైకిల్ లోకంలో చాలా తక్కువ.

మరి ఇవి మన పల్లెలకు ఎందుకు రాలేదు? బ్రిటన్ నుంచి రాలీ, హంబర్, ఫిలిప్స్ సైకిళ్లు వచ్చే కాలంలో మూడు గేర్ల బండ్లు ఎక్కడో కలవారి ఇళ్లలో ఉండేవి. స్వాతంత్ర్యం తర్వాత సైకిళ్ల తయారీ ఇక్కడే మొదలైంది. ఆసన్సోల్‌లో సేన్ రాలీ, మద్రాసు దగ్గర అంబత్తూరులో టి.ఐ. సైకిల్స్, సోనీపత్‌లో అట్లాస్, 1956లో లూధియానాలో హీరో. ఆ కంపెనీలకు కావలసింది కోట్లమందికి అందే ధర, ఏ ఊరి మెకానిక్ అయినా రెండు పానాలతో విప్పగల బండి. ఒంటిగేరు నల్లసైకిల్ ఆ రెండూ ఇచ్చింది. సైకిల్ టాక్సీలో గంటకు కిరాయికి తీసుకున్నది అదే, శక్కర్‌నగర్‌లో షిఫ్టు వదిలితే రోడ్డు నిండింది కూడా అదే. దాన్ని తక్కువచేసి మాట్లాడను. కాలువ ఆయకట్టులోనే తిరిగేవాళ్లకు నేటికీ దాన్ని మించిన బండి లేదు.

తర్వాత వచ్చిన గేరు సైకిళ్లు మరో రకం. వెనక ఆరేడు పళ్ళచక్రాలు ఒకదాని పక్కన ఒకటి, ముందు మూడు, చైనును ఒకదాని మీదినుంచి మరోదాని మీదికి తోసే డీరెయిలర్. దీని గుణాలు దీనికి ఉన్నాయి. తేలిక, చవక, విడిభాగాలు నిజామాబాద్ గాంధీచౌక్ చుట్టుపక్కలే దొరుకుతాయి, తొక్కిన బలం వృథా కావడమూ తక్కువే. ఎండాకాలం తారురోడ్డు మీద బాగా నడుస్తుంది. నల్లరేగడిలోకి దిగితేనే చిక్కు. బోధన్, రెంజల్ వైపు వాన పడ్డాక పొలంబాట పట్టిన సైకిల్‌ను చూడండి. డీరెయిలర్ రెండు చిన్న చక్రాల మధ్య రేగడిమట్టి, గడ్డిపోచలు ఇరుక్కుని చైను కదలదు. ఆ స్థితిలో బలంగా తొక్కితే డీరెయిలర్ వంగి పుల్లల్లోకి పోతుంది. అక్కడితో యాత్ర ఆగినట్టే. పల్లెవెలుగు బస్సు మీదికి ఎక్కించి దించేటప్పుడు ముందు దెబ్బ తగిలేదీ దానికే.

హబ్బు గేరుకు బయట ఉండేది ఒక్క పళ్ళచక్రం, ఒక్క తీగ. చైను తిన్నగా నడుస్తుంది, వంకర పోదు, అందుకే ఎక్కువ కాలం వస్తుంది. నల్లసైకిల్‌కు వేసే మందపు చైనే మూడు గేర్ల హబ్బుకు కూడా సరిపోతుంది. అది బాన్సువాడలోనూ దొరుకుతుంది, నవీపేటలోనూ దొరుకుతుంది. పైగా చైను మొత్తాన్ని కప్పే నిండు చైన్‌కవర్‌ను అలాగే ఉంచుకోవచ్చు. దుమ్ము, మట్టి, వడ్లపొట్టు లోపలికి పోవు. మడ్‌గార్డుకూ చక్రానికీ మధ్య రేగడి పేరుకోవడం మాత్రం ఏ గేరుతోనూ తప్పదు. దాన్ని గీకడానికి ఒక కట్టెపుల్ల దగ్గర పెట్టుకోవాలి.

ఇంకొక సుగుణం ఉంది. మన దారుల్లో తిరిగినవాళ్లకే అది బాగా అర్థమవుతుంది. డీరెయిలర్ గేరు మారాలంటే చైను నడుస్తూ ఉండాలి. హబ్బు గేరును ఆగి ఉండి కూడా మార్చుకోవచ్చు. కోతల కాలంలో రోడ్లు ఎలా ఉంటాయో మీకు చెప్పక్కరలేదు. సగం రోడ్డు మీద వడ్లు ఆరబోసి, అంచులకు రాళ్లు పెట్టి ఉంటారు. ఇంకొంచెం పోతే మక్కలు. మూల తిరగ్గానే గొర్రెలమంద, వెనకనుంచి హార్వెస్టర్. పెద్ద గేరులో వేగంగా వస్తున్న మనిషి ఉన్నపళంగా ఆగాలి. సామానుతో ఆగిన సైకిల్‌ను పెద్ద గేరులో మళ్లీ లేపడం కష్టం. హబ్బు గేరైతే ఆగినచోటే ఒక పిడి తిప్పి చిన్న గేరుకు దిగి, మంద దాటగానే సాఫీగా కదలవచ్చు. చెరుకు కాలంలో, ట్రాలీ వెడల్పును మించి బయటికి వచ్చిన గడలతో ట్రాక్టరు ఎదురైతే, రోడ్డు దిగి మొరంలో ఆగాల్సిందే. మొరంలోనుంచి మళ్లీ తారు మీదికి ఎక్కేటప్పుడు ఈ సౌకర్యం విలువ తెలుస్తుంది.

హబ్బు గేరు మీద అందరూ చెప్పే ఫిర్యాదు ఒకటుంది. పంక్చర్ అయితే వెనక చక్రం తీయడం కష్టమని. తీగ ఊడదీయాలి, నట్లు విప్పాలి, మళ్లీ సరిచేసి బిగించాలి. యూరప్‌లో ఇది నిజమైన కష్టమే. మన దగ్గర పంక్చర్ వేసే మనిషిని చూడండి. సైకిల్‌ను పడుకోబెట్టో, స్టాండు వేసో, చక్రం బండికి ఉండగానే టైరును ఒక పక్కన లేపి, టూబు బయటికి లాగి, నీళ్లతొట్టిలో ముంచి, బుడగ చూసి, అక్కడే అతికిస్తాడు. చక్రం ఊడదీయడు. సర్కారు తుమ్మ ముళ్లున్న కాలువకట్టల మీద తిరిగేవాళ్లు ఈ విద్య నేర్చుకుంటే ఆ ఫిర్యాదే ఉండదు. టూబు మొత్తం మార్చాల్సి వచ్చినప్పుడు మాత్రం చక్రం దించక తప్పదు.

అసలైన లోపాలు వేరే. హబ్బు బరువు ఎక్కువ, ఆ బరువంతా వెనక చక్రంలోనే. కాబట్టి సామానులో కొంత ముందు చక్రం మీదికి మార్చుకోవాలి, లేకపోతే వెనక పుల్లలు తెగుతాయి. పళ్ళ మధ్య రాపిడిలో కొంత బలం పోతుంది. మూడు గేర్ల హబ్బులో ఒక గేరుకూ ఇంకో గేరుకూ మధ్య దూరం చాలా ఎక్కువ. లోపల ఏదైనా విరిగితే రోడ్డు పక్క మెకానిక్ చేతిలో పరిష్కారం ఉండదు. ఈ చివరి మాట చాలా ముఖ్యం. అందుకే ఎన్ని గేర్లన్నది పోయే దూరాన్ని బట్టి తేల్చుకోవాలి.

నిజామాబాద్, బోధన్, బాసర, నిజామ్‌సాగర్ లోపలే తిరుగుతామంటే మూడు గేర్లు చాలు. పాత నల్లసైకిల్‌కే అమర్చుకోవచ్చు. వెనక 18 పళ్ళకు బదులు 22 పళ్ళ చక్రం వేయండి. అప్పుడు మధ్య గేరు 4.4 మీటర్లు, చిన్న గేరు 3.3, పెద్ద గేరు 5.9 అవుతాయి. ఒంటిగేరు సైకిల్ ఇచ్చిన 5.4 కన్నా పెద్ద గేరు ఒకటి మిగిలే ఉంటుంది, ఎదురుగాలికీ చిన్న ఎత్తులకూ రెండు గేర్లు అదనంగా వస్తాయి. చాలామంది 18 పళ్ళతోనే వదిలేసి, 7.2 మీటర్ల పెద్ద గేరును ఎప్పుడూ వాడరు. యాత్రికుడు గేర్లను కింది నుంచి లెక్కపెట్టాలి. అన్నిటికన్నా చిన్న గేరు సరిగా కుదిరిందా అని చూసుకుంటే చాలు, పెద్దది దానంతట అదే సర్దుకుంటుంది. దిగుడులో తొక్కకుండా పోవచ్చు. ఎక్కేటప్పుడు ఆ వీలు లేదు.

మహబూబ్ ఘాట్ ఎక్కి, నేరడిగొండ దగ్గర కుంతాల జలపాతం చూసి, ఆదిలాబాద్ దాకా పోతామంటే ఎనిమిది గేర్ల హబ్బు చూసుకోండి. షిమానో నెక్సస్ ఎనిమిది గేర్లలో చిన్న గేరు నిష్పత్తి 0.527, పెద్ద గేరుది 1.615. రెండింటి మధ్య మూడింతల తేడా. 26 అంగుళాల చక్రానికి ముందు 40 పళ్ళు, వెనక 20 పళ్ళు పెడితే చిన్న గేరు దాదాపు 2.2 మీటర్లు, పెద్దది 6.6 మీటర్లు. మహబూబ్ ఘాట్‌కు ఇది సరిపోతుంది. ముందు పళ్ళు వెనక పళ్ళకు సుమారు రెండింతలు ఉండాలి. అంతకన్నా బాగా తగ్గిస్తే లోపలి పళ్ళ మీద ఒత్తిడి పెరిగి హబ్బు ఆయుష్షు తగ్గుతుంది. ఇది గుర్తుపెట్టుకోకుండా ఇంకా చిన్న గేరు కోసం ఆశపడకూడదు.

ఇక జర్మనీలో తయారయ్యే రోలాఫ్ అనే 14 గేర్ల హబ్బు. చిన్న గేరుకూ పెద్ద గేరుకూ మధ్య ఐదింతలు దాటిన తేడా, ప్రతి మెట్టుకూ ఒకే తీరుగా 13.6 శాతం పెరుగుదల. లోపల 25 మిల్లీలీటర్ల నూనెలో పళ్ళు మునిగి ఉంటాయి. 5000 కిలోమీటర్లకో, ఏడాదికోసారో ఆ నూనె మార్చాలి. ఖండాలు దాటే యాత్రికులు దీన్ని ఎంతో నమ్ముతారు, ఆ నమ్మకానికి కారణం ఉంది. ధర లక్ష రూపాయలకు పైమాటే. మన జిల్లాల్లో తిరగడానికి అంత అవసరం లేదని నా అభిప్రాయం. ఆ డబ్బుతో మంచి స్టీలు చట్రం, ఎనిమిది గేర్ల హబ్బు, గట్టి క్యారియర్లు, గుడారం కొనుక్కుని, మిగిలినదానితో కొన్ని వారాలు తిరిగి రావచ్చు.

కొనేముందు మూడు విషయాలు టేపు పెట్టి చూసుకోండి. మొదటిది పుల్లల రంధ్రాలు. మన నల్లసైకిల్‌కు ముందు రిమ్ములో 32, వెనక రిమ్ములో 40 రంధ్రాలు ఉంటాయి. ఇప్పుడొచ్చే గేరు హబ్బులు ఎక్కువగా 36 రంధ్రాలవి. 36 రంధ్రాల హబ్బును 40 రంధ్రాల రిమ్ములో అల్లలేము. రిమ్ము కూడా మార్చాలి, లేదా పాత 40 రంధ్రాల హబ్బు వెతకాలి. రెండోది వెడల్పు. వెనక ఇరుసు కూర్చునే సందు నల్లసైకిల్‌కు తక్కువ. మూడు గేర్ల హబ్బు అందులో దాదాపుగా పడుతుంది. ఎనిమిది గేర్ల నెక్సస్‌కు 132 మిల్లీమీటర్లు, రోలాఫ్‌కు 135 కావాలి. నల్లసైకిల్ చట్రాన్ని అంత విప్పడం మంచిది కాదు. పాత 26 అంగుళాల స్టీలు మౌంటెన్ సైకిల్ చట్రం దీనికి బాగా పనికొస్తుంది. ఆ కొలత టైరు, టూబు మండల కేంద్రాల్లో కూడా దొరుకుతాయి. సన్నటి 700 కొలత టైరు ఇక్కడ దొరకడం కష్టం. మూడోది ఇరుసు కూర్చునే గాడి. అది వెనక్కి పొడుగ్గా ఉంటే చక్రాన్ని వెనక్కి జరిపి చైను బిగించుకోవచ్చు. నల్లసైకిల్‌కు అలాగే ఉంటుంది. నిలువు గాడి అయితే చైను బిగించే చిన్న పరికరం అదనంగా కావాలి. ఆ పరికరం పెడితే మళ్లీ మట్టి పట్టే చోటు ఒకటి తయారైనట్టే.

హబ్బుతోపాటు పళ్ళున్న రెండు వాషర్లు వస్తాయి. వాటిని పారేయవద్దు. ఇరుసు తనంతట తాను తిరగకుండా పట్టేవి అవే. మామూలు వాషర్లు వేసి బిగిస్తే, ఎత్తు ఎక్కే వేళ ఇరుసు తిరిగి, తీగ లాగి, గేరు తప్పుతుంది. మెకానిక్ దగ్గర నిలబడి మరీ వాటిని వేయించండి. మన మెకానిక్‌లకు ఈ హబ్బు కొత్త. చేయి మంచిది, పని తెలిసినవాళ్లు, ఒకసారి చూపిస్తే పట్టుకుంటారు.

తీగ సరిచేయడం మాత్రం మీరే నేర్చుకోండి. ఏ.డబ్ల్యూ. హబ్బులో రెండో గేరు పెట్టి, కుడిపక్క నట్టుకున్న చిన్న కిటికీలోంచి చూడాలి. లోపలి కడ్డీ భుజం ఇరుసు చివరతో సమానంగా ఉండాలి. లేకపోతే ప్రమాదం, ఎందుకంటే రెండుకూ మూడుకూ మధ్య ఏ గేరూ పట్టని చోటు ఒకటుంది. నిలబడి బలంగా తొక్కుతున్నప్పుడు అక్కడికి జారితే పెడలు ఖాళీగా తిరుగుతుంది, మనిషి ముందు కడ్డీ మీద పడతాడు. నెక్సస్ ఎనిమిది గేర్లలో నాలుగో గేరు పెట్టి, హబ్బు మీది రంగు గీతలు రెండూ ఒకే వరసలో ఉన్నాయో లేదో చూస్తే చాలు. అర నిమిషం పని. రోలాఫ్‌లో గేరు మెట్లు హబ్బు లోపలే ఉంటాయి కాబట్టి తీగ కొంచెం సాగినా ఇబ్బంది లేదు.

ఐర్లండుకు చెందిన డెర్వ్లా మర్ఫీ అనే రచయిత్రి 1963లో సైకిల్ మీద ఇరాన్, అఫ్గానిస్తాన్, పాకిస్తాన్ దాటి ఢిల్లీకి వచ్చింది. బయలుదేరేముందు ఆమె తన సైకిల్‌కున్న డీరెయిలర్ గేర్లు తీయించేసింది. ఆసియా రోడ్లకు అవి తట్టుకోవని ఆమె అంచనా. ఒంటిగేరుతోనే అంత దూరం వచ్చింది. అంతకు ముందు ఏడాది, 1962లో, జర్మనీ నుంచి బయలుదేరిన హైంజ్ స్టుకే మూడు గేర్ల బరువైన ఇనుప సైకిల్‌తో దశాబ్దాలపాటు ప్రపంచమంతా తిరిగాడు. వీళ్లిద్దరూ చెడిపోయే భాగాలు తక్కువగా ఉండాలని చూసుకున్నవాళ్లు. ఇంతకన్నా ముందే మన దేశం నుంచి ఆదీ హకీం, జాల్ బాపసోలా, రుస్తుం భుంగారా అనే ముగ్గురు పార్సీ యువకులు 1923లో బొంబాయిలో సైకిళ్లెక్కి, ప్రపంచం చుట్టి 1928లో తిరిగి వచ్చారు. దూరయాత్ర మనకు కొత్త విద్యేమీ కాదు.

మొదటి యాత్రకు ఒక దారి చెబుతాను. నవంబరు చివర, వరికోతలు చాలావరకు అయ్యాక, నిజామాబాద్‌లో తెల్లవారుజామున బయలుదేరండి. జానకంపేట దగ్గర అశోక్‌సాగర్ చూసి, నవీపేట మీదుగా గోదావరి దాటితే బాసర. అక్కడ రాత్రి ఆగండి. మర్నాడు ధర్మాబాద్ మీదుగా మహారాష్ట్రలో కొంత దూరం తొక్కి, గోదావరి వంతెన మీదినుంచి కందకుర్తికి రండి. గోదావరి, మంజీర, హరిద్ర కలిసేచోటు అది. అక్కడినుంచి రెంజల్ మీదుగా బోధన్. మూడోనాడు ఎడపల్లి దారిలో అలీసాగర్ దగ్గర ఆగి, మధ్యాహ్నానికి ఇల్లు చేరవచ్చు. ఈ దారిలో పెద్ద ఎత్తులేమీ లేవు. మూడు గేర్ల హబ్బు బాగా సరిపోతుంది. వంతెనల ఎత్తుకు చిన్న గేరు, ఊళ్ల నడుమ మధ్య గేరు, వీపున గాలి ఉంటే పెద్ద గేరు.

దానికి ముందు వారం రోజులు సామాను వేసుకుని ఊరి చుట్టూ తొక్కండి. కొత్తగా అల్లిన చక్రంలో పుల్లలు ఆ వారంలోనే వదులవుతాయి, మెకానిక్‌తో రిమ్ము బెండు తీయించి బిగించుకోవచ్చు. ఇరుసు నట్లకు సరిపోయే పానా, ఒక తీగ, పంక్చర్ సామాను, పంపు, రెండు మూడు పుల్లలు సంచిలో ఉండాలి. పాత ఏ.డబ్ల్యూ. హబ్బు అయితే పైన చిన్న మూత ఉంటుంది, దాన్ని తెరిచి నాలుగైదు చుక్కల పలుచని నూనె వేసి బయలుదేరండి.